పక్క పళ్ళను చూసి తేల్చుకోండి

దవడ పన్ను పీకించుకున్నవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: 'ఇంప్లాంట్ (దవడ ఎముకలో దించిన టైటానియం స్క్రూ మీద నిలిపే పన్ను) మంచిదా, బ్రిడ్జి (పక్క పళ్ళను అరగదీసి, వాటికి క్యాప్‌లు వేసి ఆ ఆసరాతో నిలిపే పన్ను) మంచిదా?' నోరు తెరిపించి చూడకుండా దీనికి జవాబు చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. ఆ జవాబు ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళలో, ఎదురు దవడ పంటిలో దొరుకుతుంది. అవి చూడకుండా రేట్లు పోల్చుకుంటూ కూర్చోవడం దండగ.

చాలామందికి ముందు పోయేది ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను. పాలపళ్ళ వెనక, ఏ పన్నూ ఊడకుండానే చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. అందుకే తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా 'ఊడిపోయేదేగా' అని వదిలేస్తారు. అది మళ్ళీ రాదు. ఇరవై ఏళ్ళ పిల్లల నోళ్ళలో ఆ ఖాళీ చూస్తే నిజంగా బాధేస్తుంది. ఇక పై పన్ను పీకిస్తే చూపు పోతుందని భయపడి, చీము పట్టిన పంటిని ఏళ్ళ తరబడి అలాగే ఉంచుకునేవాళ్ళు కొందరు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. నలభై దాటాక పళ్ళు కదలడం, చత్వారం రావడం ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి కాబట్టి ఒకదాన్ని మరొకదానికి అంటగట్టారు. అసలు ప్రమాదం పీకించకపోవడంలో ఉంది. ఆ చీము పైకి పాకితే కంటి చుట్టూ కూడా ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

పన్ను తీశాక అక్కడి ఎముక ఏడాదిలో వెడల్పులో దాదాపు సగం తరిగిపోతుంది. ఆ తరుగుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. వెనక పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదురు పన్ను కిందికో పైకో సాగుతుంది.

ఎముక ఎందుకు తరుగుతుందో అర్థమైతే మిగతాదంతా సులువు. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. నులక మంచం మీద మనిషిలా, సన్నని నారపోగుల మీద వేలాడుతూ ఉంటుంది. మనిషి పడుకుంటే నులక సాగి, పట్టెలను లాగుతుంది. మనం నమిలినప్పుడల్లా ఆ పోగులూ ఎముకను అలాగే లాగుతాయి. ఆ లాగుడే ఎముకకు పని. పని పోతే అది కరుగుతుంది. అన్నంలో చిన్న రాయి తగలగానే దవడ టక్కున ఆగేదీ ఆ పోగుల్లోని స్పర్శ వల్లే. ఇంప్లాంట్‌కు నులక లేదు, అది సిమెంటు అరుగు. టైటానియానికి ఎముక నేరుగా అతుక్కుపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ళ ఎముకల్లో గమనించాడు. 1965లో మొదటిసారి మనిషి దవడలో అమర్చాడు. గట్టిగా కొరికితే సొంత పన్ను 0.1 మిల్లీమీటరు దాకా దిగి లేస్తుంది, ఇంప్లాంట్ 0.005 కూడా దిగదు. అందుకే దాని మీది క్యాప్ ఎత్తు రవ్వంత ఎక్కువైనా బరువంతా దాని మీదే పడుతుంది. సొంత పంటినీ ఇంప్లాంట్‌నూ కలిపి ఒకే బ్రిడ్జి వేయించుకోవడమంటే సగం ఒళ్ళు మంచం మీద, సగం అరుగు మీద వేసి పడుకోవడమే. వీలైనంత వరకు అది వద్దు.

ఇప్పుడు నిర్ణయానికి వద్దాం. రెండు పక్కల పళ్ళూ చెక్కుచెదరకుండా ఉంటే, ఎముక సరిపడా ఉంటే ఇంప్లాంటే సరైనది. బ్రిడ్జి కోసం అరగదీసిన ఎనామిల్ మళ్ళీ రాదు, మంచి పళ్ళను అలా పాడుచేయడం నాకు సమ్మతం కాదు. పక్క పళ్ళకు ఇప్పటికే రూట్ కెనాల్ అయి ఉండి, ఎలాగూ క్యాప్‌లు వేయాల్సినవైతే బ్రిడ్జి చక్కగా కుదురుతుంది. దాని కింద సన్నని బ్రష్‌తో రోజూ శుభ్రం చేసుకోవాలి. పోయింది వరసలో చివరి పన్నయి, ఎదురు పన్ను సాగే ప్రమాదం లేకపోతే ఏమీ పెట్టించుకోకపోయినా ఫర్వాలేదు. ముందు పళ్ళూ చిన్న దవడ పళ్ళూ గట్టిగా ఉంటే చాలామందికి నమలడం సరిపోతుందని నెదర్లాండ్స్ ప్రొఫెసర్ కైజర్ 1981లోనే రాశాడు. తీసి పెట్టుకునే పన్ను చవకే, కానీ దవడ పన్ను పని దానితో అంతంతమాత్రమే.

షుగర్ అదుపులో లేనివాళ్ళు, సిగరెట్ మానలేనివాళ్ళు, ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్ళు ఇంప్లాంట్‌కు ముందు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు తొందరపడొద్దు. దవడ పెరుగుతూ పోతుంటే ఇంప్లాంట్ మాత్రం పెట్టినచోటే ఉండిపోతుంది. ఇంప్లాంట్ పుచ్చదు కదా అని బ్రషింగ్ మానేసినా కష్టమే. గార పడితే దాని చుట్టూ చిగురు వాచి ఎముక కరుగుతుంది, పెట్టిన ఇంప్లాంట్ ఊడుతుంది.

పన్ను పీకించుకునే రోజే తర్వాత ఏం చేయాలో అడగండి, మూడు నెలలు దాటనివ్వకండి. ఎక్స్-రేలో పక్క పళ్ళను చూపించి కారణం చెప్పమనండి. కారణం చెప్పకుండా రేటే చెబితే ఇంకో డాక్టర్‌ దగ్గరికి వెళ్ళండి.