చలికాలంలో ఇంటి గాలి అంత పొడిగా ఎందుకుంటుంది?

షికాగో, మినియాపోలిస్, టొరంటో లాంటి చలి ఊళ్లలో కాపురముండే తెలుగువాళ్లకు జనవరి వచ్చిందంటే ఇవి తెలిసిన బాధలే. పొద్దున లేచేసరికి గొంతు పిడచగట్టుకుపోతుంది. పిల్లలకు ముక్కు నుంచి రక్తం వస్తుంది. తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది. వీటన్నిటి వెనక చాలాసార్లు ఉండేది ఒకటే, ఇంట్లోని పొడిగాలి.

హీటర్ గాలిలోని తేమను పీల్చేస్తుందా?

లేదు. గాలి ఎంత చల్లబడితే అంత తక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరు గాలిలో సుమారు 18 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. సున్నా దగ్గర 5 గ్రాములకు మించదు. మైనస్ 10 దగ్గర రెండు గ్రాముల పైచిలుకే. ఆ బయటి గాలి కిటికీ సందుల్లోంచి లోపలికొచ్చి వేడెక్కుతుంది. అందులోని ఆవిరి అంతే ఉంటుంది, పట్టుకోగల శక్తి మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి పట్టుకోగల ఆవిరిలో నిజంగా ఉన్న వాటా, 10 శాతం దరిదాపులకు పడిపోగలదు. వంట, స్నానాలు, మన ఊపిరి దాన్ని కొంత పెంచుతాయి.

ఒంటికి ఏమవుతుంది?

ముక్కు లోపలి పలుచని పొర ఎండి పగులుతుంది. రక్తం కారడానికి అదొక ముఖ్య కారణం. అప్పుడు తల వెనక్కి వాల్చకూడదు, రక్తం గొంతులోకి దిగుతుంది. కూర్చుని కాస్త ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. అయినా ఆగకపోతే, మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకు చూపించాలి.

శ్వాసనాళాల్లోని చీమిడి పొర, దాన్ని బయటికి తోసే సన్నని నూగు మనకు కాపలాదారులు. గాలి పొడిబారితే ఆ పని మందగిస్తుంది. 2019లో యేల్ విశ్వవిద్యాలయంలో అకికో ఇవాసాకి బృందం ఎలుకల మీద ఈ సంగతి పరీక్షించింది. పొడిగాలిలో ఉంచిన ఎలుకలకు ఫ్లూ ఎక్కువగా ముదిరింది. మనుషులకు అదే లెక్క అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం గానీ, జాగ్రత్తపడడానికి ఆ కారణం చాలు.

ఇంటికి, సామానుకు?

కర్ర తేమ కోల్పోయి కుంచించుకుపోతుంది. చెక్క నేలలో పలకల మధ్య సందులు తేలతాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న పనసకర్ర వీణ బీటలు వారవచ్చు. వీణను హీటర్ గాలి వచ్చే రంధ్రానికి దూరంగా, పెట్టెలోనే ఉంచండి.

ఎంత తేమ ఉండాలి? ఎలా తేవాలి?

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే మేలైన కొలత 30 నుంచి 50 శాతం. ముందుగా తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటరు కొని పడగ్గదిలో పెట్టండి. కొలవకుండా తేమ పెంచడం మంచిది కాదు.

తర్వాత చల్లగాలి చొరబడే సందులు మూయండి. తేమ నిలుస్తుంది, హీటింగ్ బిల్లూ తగ్గుతుంది. హీటరు ఒకటి రెండు డిగ్రీలు తగ్గించినా ఫలితముంటుంది. చర్మం పొడిబారకుండా, స్నానం కాగానే ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజరు రాసుకోండి.

హ్యూమిడిఫయర్ పెడితే?

అవసరమైతే పెట్టండి, కానీ అతి వద్దు. కిటికీ అద్దాల లోపలివైపు నీళ్లు పడుతుంటే తేమ ఎక్కువైనట్టే, వెంటనే తగ్గించాలి. లేకపోతే గోడలకు బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది మరీ కీడు. బయట చలి ముదిరేకొద్దీ అద్దాలు ఇంకా చల్లబడతాయి గనుక, అప్పుడు 30 శాతం దగ్గరే ఆగడం మంచిది. అల్ట్రాసానిక్ రకంలో డిస్టిల్డ్ వాటర్ పోయండి, కుళాయి నీటిలోని లవణాలు తెల్లని పొడిగా గాలిలో కలుస్తాయి. నీళ్లు రోజూ మార్చాలి, తొట్టి తరచూ కడగాలి. పాచిపట్టిన తొట్టిలోంచి వచ్చే తుంపరతో పాటు సూక్ష్మజీవులూ గదంతా చేరతాయి. శుభ్రంగా ఉంచే తీరిక లేకపోతే పసిపిల్లల గదిలో దాన్ని పెట్టకపోవడమే మేలు.