గడప దాటని వేసవి

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. మొదట 21 రోజులన్నారు. పొడిగిస్తూ పోగా అది మే నెలాఖరు దాకా సాగింది. ఆనాటి భయం, ఆకలి, ఆప్తుల వియోగం గురించి ఎంతో రాశారు. ఇక్కడ చెప్పదలచినది చిన్న విషయంగా కనిపించవచ్చు. గడప దాటరాదన్న ఆ రోజుల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కుటుంబాలకు కాస్త గాలి, వెలుతురు, ఆటవిడుపు ఎక్కడ దొరికాయి? అవి ఇంట్లో ఎవరికి దొరికాయి, ఎవరికి దొరకలేదు?

మూసుకుపోయిన ఆరుబయలు

బంగారం, వస్త్రాల వ్యాపారానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో నిత్యం కిక్కిరిసే బజార్లు మూగబోయాయి. కేసులు బయటపడిన వీధులను కట్టడి ప్రాంతాలుగా ప్రకటించారు. నిత్యావసరాల కోసం ఉదయం కొన్ని గంటలు మాత్రమే సడలింపు ఉండేది. ఫజ్ర్ తర్వాతి నడక, అసర్ తర్వాత టీకొట్టు దగ్గర కబుర్లు, పెన్నా ఇసుకలో పిల్లల క్రికెట్ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

జమ్మలమడుగు వాసులకు సెలవు రోజంటే సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోట గుర్తొస్తుంది. పెన్నా చీల్చిన లోయ, కోటలోని జామియా మసీదు, ఎత్తైన బండల మీద వీచే గాలి వారికి చిరపరిచితాలు. అయితే కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలన్నీ లాక్‌డౌన్‌కు ముందే, మార్చి 17 నుంచే మూతపడ్డాయి.

పులివెందుల పల్లెల సంగతి కొంత వేరు. వ్యవసాయ పనులకు మినహాయింపు ఉండటంతో పొలం ఉన్నవారికి ఆరుబయలు మిగిలింది. కాని రవాణా స్తంభించడంతో అరటి, చీనీ తోటల రైతుకు ఆ పచ్చదనం కంటికి ఇంపుగా కనిపించలేదు. రోజుకూలీకైతే బయటికి వెళ్లడమంటే కాలక్షేపం కాదు, జీవనాధారం.

తెగులు వ్యాపించిన చోటికి వెళ్లవద్దని, ఉన్న చోట వ్యాపిస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) చేసిన హితవును ధార్మిక పండితులు ఆ రోజుల్లో పదేపదే గుర్తుచేశారు. ఇంట ఉండటం కూడా విధేయతేనన్న ఎరుక చాలామందికి ఊరటనిచ్చింది.

మిద్దె మీద రమజాన్

ఏప్రిల్ 25న రమజాన్ మొదలైంది. పగలు 40 డిగ్రీలు దాటే కడప జిల్లా ఎండ. మసీదులో సామూహిక తరావీహ్ లేదు. అందువల్ల ఇంటి మిద్దే మసీదు ఆవరణ అయింది, మైదానమూ అయింది. అసర్ తర్వాత ఎండ తగ్గగానే పిల్లలు గాలిపటాలతో మెట్లెక్కేవారు. తండ్రులు పిట్టగోడ వెంబడి ఆ కొస నుంచి ఈ కొసకు అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. పాత బకెట్లలో పుదీనా, కొత్తిమీర మొలిచాయి. పిట్టల కోసం నీళ్ల మూకుళ్లు వెలిశాయి. ఇషా తర్వాత కుటుంబమంతా చాపలు పరచుకుని, చుక్కల కింద తరావీహ్ చేసిన ఇళ్లు ఎన్నో. మే 25న ఈద్ నమాజు కూడా ఇళ్లలోనే జరిగింది.

ఇవి మధురమైన జ్ఞాపకాలే. అయితే మిద్దె లేని అద్దె గదుల్లో, రేకుల కప్పు కింద ఆ వేసవిని వెళ్లదీసినవారికి ఈ భాగ్యమూ లేదు.

ఇల్లాలికి అది కొత్త కాదు

రెండు వారాలు గడవకముందే ఇంటి మగవారు ఊపిరాడటం లేదన్నారు. నాలుగు గోడలు, ఒక మిద్దె, కనిపించేంత ఆకాశం! కాని మన ఇళ్లలో అనేకమంది స్త్రీలకు ఏళ్ల తరబడి ఉన్న ఆరుబయలు అంతే. అక్కడికైనా ఆమె ఖాళీ చేతులతో వెళ్లదు. ఉతికిన బట్టలతోనో, వడియాల పిండితోనో, ఎండబెట్టవలసిన మిరపకాయలతోనో వెళుతుంది.

లాక్‌డౌన్‌లో ఆ కొద్దిపాటి గాలి కూడా ఆమెకు కరువైంది. ఇంటిల్లిపాదీ రోజంతా ఇంట్లోనే ఉంటే వంట, అంట్లు, పిల్లల పోరు పెరిగాయి. అందరూ మిద్దె మీద చల్లగాలి పీల్చుకునే అసర్ తర్వాతి వేళే ఆమె ఇఫ్తార్ కోసం పొయ్యి ముందు నిలబడే వేళ. భర్త కూరగాయలు తరిగి, కొడుకు గిన్నెలు కడిగిన ఇళ్లలో మాత్రం ఆమె కూడా మెట్లెక్కగలిగింది. తేడా అంతా అక్కడే ఉంది.

ప్రవక్త (స) ఇంటి ఆదర్శం

దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో భార్యలకు తోడ్పడేవారని, అజాన్ వేళ కాగానే నమాజుకు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపిన హదీసు బుఖారీలో ఉంది. ప్రయాణంలో ఆయన ఆమెతో పరుగు పందెం వేశారని, మొదటిసారి ఆమె గెలిచారని, కొంతకాలం తర్వాత ఆయన గెలిచి, దానికిది సరి అన్నారని అబూ దావూద్ గ్రంథం చెబుతుంది. పండుగనాడు హబషీలు ఈటెలతో ఆడుతుంటే, ఆమె తనివితీరా చూసేదాకా ఆమెకు చాటుగా ఓపికగా నిలబడ్డారు. భార్యకు ఉల్లాసం కల్పించడం ఆ ఇంట చిన్నతనం కాలేదు.

తలుపులు తెరుచుకున్నాక

జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరుచుకోసాగాయి. క్రమంగా ఏటి గట్టు, టీకొట్టు, క్రికెట్ తిరిగి మగవారివయ్యాయి. మిద్దె మళ్లీ వడియాలదయింది.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో సూచించింది. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు. ఈ లెక్కలో స్త్రీలకు మినహాయింపు లేదు. ఇంటిపని చాలులే అని సరిపెట్టడం న్యాయం కాదు. ఆమెకు కావలసింది శరీర శ్రమ మాత్రమే కాదు, పని లేని కాసేపు కూడా.

దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ఫజ్ర్ తర్వాతి నడకకు భార్యాభర్తలు కలిసి వెళ్లవచ్చు. గాలిపటం దారం కొడుకుతో పాటు కూతురి చేతికీ ఇవ్వవచ్చు. మిద్దె ఉన్న యజమాని అద్దెకున్నవారిని సాయంత్రం పైకి రానివ్వవచ్చు. గండికోటకు బయలుదేరిన రోజున తెల్లవారుజామునే లేచి అందరికీ వంట చేసే భారం ఆమెపై మోపకుండా, దారిలో దొరికినదే తినవచ్చు.

లోపల ఉండిపోవడం ఎంత కష్టమో ఆ వేసవి మగవారికి రెండు నెలలు చూపించింది. ఇంటి స్త్రీ ఆరుబయట కాసేపు తీరికగా కూర్చుని ఎన్నాళ్లయిందో ఈ రోజే ఆమెనే అడిగి చూడండి.