కుళ్లడానికి తొందరపడని ఆకులు

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో రాలిన ఆకు ఏమవుతుంది? కొంత ఆటుపోట్లతో సముద్రం పాలవుతుంది. కొంతను పీతలు బొరియల్లోకి లాక్కుపోతాయి. మిగిలింది బురదలో కూరుకుపోతుంది. తీరప్రాంత చిత్తడి నేలలు కార్బన్‌ను దాచుకోవడంలో ఈ మిగిలిన వాటాకూ పాత్ర ఉంది.

ఆకులోని చక్కెరలు, టానిన్లు కొద్ది వారాల్లోనే నీటిలో కరిగిపోతాయి. గట్టిగా ఉండే లిగ్నిన్ సంగతి వేరు. దాన్ని విరగ్గొట్టే శిలీంధ్రాలకు ఆక్సిజన్ కావాలి. పోటునీరు నిలిచే బురదలో పైనున్న కొద్ది మిల్లీమీటర్లు దాటితే అది దొరకడం కష్టం. అక్కడ పెత్తనం సల్ఫేటుతో బతికే బ్యాక్టీరియాది. సముద్రపు నీటిలోని సల్ఫేటునే ఇవి ఆక్సిజన్‌కు బదులు వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి. మడ బురదలో వచ్చే మురిగిన గుడ్డు వాసన దానిదే. అది ఇనుముతో కలిసినప్పుడు మట్టి నల్లబడుతుంది. ముక్కు మూసుకుని దాటిపోయే ఆ బురదలో పెద్ద మేలే జరుగుతోంది. ఈ బ్యాక్టీరియా ఉన్నచోట మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు తిండి తగ్గుతుంది. ఆక్సిజన్ లేక కుళ్లడమూ నెమ్మదిస్తుంది. వేళ్లలో, ఆకుల్లో ఉన్న కార్బన్ వందల ఏళ్లు మట్టిలోనే ఉండిపోగలదు.

ఈ నెమ్మదిని కొలవడానికి శాస్త్రవేత్తలు టీ సంచులు పాతిపెడతారు! 2013లో వెలువడిన పద్ధతి ఇది. తేలికగా కుళ్లే గ్రీన్ టీ, మొండిగా నిలిచే రూయిబోస్ టీ సంచులను తూచి, 8 సెంటీమీటర్ల లోతున పాతి, మూడు నెలలకు తీసి మళ్లీ తూస్తారు. ఆ తర్వాత 28 దేశాల్లోని సుమారు 180 చిత్తడి నేలల్లో ఇలాంటి సంచులనే పాతి చూశారు. వేడి ఎక్కువున్నచోట రూయిబోస్ కూడా త్వరగా తరిగిపోయింది.

బురద ఈ పని చేయాలంటే పోటునీరు వచ్చి పోతుండాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మడ నరికిన చోట్ల నేల కుంగి పల్లాలు ఏర్పడ్డాయి. లోపలికి వచ్చిన పోటునీరు బయటికి పోలేక ఆవిరై, ఉప్పు పేరుకుని, మొక్క నిలవకుండా పోయింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి అక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, ఒడ్డున మడ మొక్కలు నాటించాయి. నీరు వచ్చి పోవడం మొదలయ్యాకే ఉప్పు దిగింది, మొక్క నిలిచింది. సూక్ష్మజీవుల జీవనమూ ఆ రాకపోకల మీదే ఆధారపడుతుంది. అందుకే నాటడం కన్నా నీటికి దారి ఇవ్వడమే ముందు పని.

మట్టి మాత్రం చెట్టంత వేగంగా కోలుకోదు. పచ్చదనం కొన్నేళ్లకే వస్తుంది, కార్బన్ నిల్వ పాత అడవి స్థాయికి చేరడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అలా కాక రొయ్యల చెరువు కోసం చిత్తడి నేలకు గట్టు కట్టి ఆరబెడితే గాలి తగిలి పాత ఆకులు కుళ్లడం మొదలవుతుంది. మట్టిలోని ఇనుప సల్ఫైడు నుంచి ఆమ్లం పుడుతుంది.

కనుక పునరుద్ధరణ లెక్కల్లో బతికిన మొక్కల సంఖ్య ఒక్కటే ఉంటే చాలదు. తూచిన తెల్లమడ ఆకులను నైలాన్ వల సంచుల్లో పెట్టి, బురదలో పాతి, నెలనెలా కొన్ని తీసి కడిగి, ఆరబెట్టి తూస్తే కుళ్లే వేగం తెలిసిపోతుంది. పెద్ద ఖర్చు లేని పని. తీరంలోని కళాశాలల విద్యార్థులే చేయగలరు. పాత అడవిలోనూ కొత్తగా పెంచిన చోటా ఒకేసారి పాతితే, మట్టి ఎంతవరకు కోలుకుందో రెండు తూకాల తేడా చూపిస్తుంది.