గోడమీది చుక్కలు

గోడ క్యాలెండరులో ఏకాదశికిని సంకష్టహర చతుర్థికిని నడుమ, ఒక తేదీ మూలను పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, ఎవరికిని చెప్పక ఊరకుండు అలవాటు మన ఇండ్లలో ఎందరో తల్లులకు గలదు. అది బహిష్టు మొదటిరోజు. వైద్యులును ఋతుచక్రమును ఆ దినమునుండియే గణింతురు. ఆ చక్రమును నడపు అధికారము మాత్రము మెదడు అడుగున శనగగింజంత ప్రమాణమున నుండు పిట్యూటరీ గ్రంథికిని, దానికి పైనుండి ఆజ్ఞలిచ్చు హైపోథలమసునకును చెందినది.

పిట్యూటరీ విడుచు ఎఫ్.ఎస్.హెచ్. అను హార్మోను రక్తమున బడి అండాశయమును చేరి, అచ్చట అండములను దాచియుంచు పుటికలలో కొన్నింటిని పెంచగా, వానిలో ఒక్కటి తక్కినవానిని మించి ఎదిగి, నానాటికి హెచ్చుగా ఈస్ట్రోజనును స్రవించుచు గర్భాశయపు లోపొరను దళసరి చేయును. ఇచ్చటి విశేషమొకటి నన్ను నేటికిని ఆశ్చర్యపరచును. కొలది పరిమాణమున నున్నంతవరకు పిట్యూటరీని అణచియుంచు ఈ ఈస్ట్రోజనే, ఉచ్చస్థాయికి చేరి సుమారు రెండుదినములు అట్లే నిలిచినచో, ఆ గ్రంథినే ప్రేరేపించి ఎల్.హెచ్. అను మరియొక హార్మోనును వరదవలె విడిపించును. ఆ వరద మొదలైన 36 గంటలకు అటునిటుగా పుటిక పగిలి అండము వెలువడును.

అండము వెడలిన పుటిక పసుపువన్నె దాల్చి, కార్పస్ లూటియమను తాత్కాలిక గ్రంథియై, ప్రొజెస్టిరాను విడువసాగును. వేకువను పక్కమీదినుండి లేవకమునుపే థర్మామీటరు పెట్టి చూచుకొన్నచో, ఒంటివేడి ఫారన్‌హీటు లెక్కలో అరడిగ్రీకి పైచిలుకు హెచ్చియుండుట దీనివలననే. గర్భము నిలువనిచో ఈ గ్రంథి సుమారు 14 దినములలో నశించును. ఈస్ట్రోజను, ప్రొజెస్టిరాను రెండును పడిపోగా, ఆధారము తప్పిన లోపొర ఊడి రక్తముతో వెలువడును. ఇదియే ముట్టు. బిడ్డకై సిద్ధపరచిన పాన్పును శరీరము మడిచివేయు ఈ కార్యమునకు మైల యని పేరుపెట్టి, ఆడపిల్లను మూడుదినములు వాకిట కూర్చుండబెట్టుట అన్యాయము.

అండము 14వ దినమున విడుదలయగునను మాట 28 దినముల చక్రమునకే చెల్లును. జపానున ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అను వైద్యులు 1920లలో వేర్వేరుగా తెలిపినట్లు, రాబోవు ముట్టునుండి వెనుకకు లెక్కింపవలయును. 35 దినముల చక్రములో అది సుమారు 21వ దినమగును. దిగులుగాని, తీవ్రమైన జబ్బుగాని ఆలస్యము చేయునది సాధారణముగా చక్రమున అండము వెలువడుటకు ముందరి భాగమునే.

వయోజనురాలగు స్త్రీకి 21 దినములు నిండకయే మాటిమాటికి వచ్చుచున్నను, 35 దాటుచున్నను, గర్భము లేకయే మూడునెలలు రాకున్నను, సిగ్గుపడక వైద్యురాలికి చూపుడు. వెళ్లునపుడు ఆ చుక్కల క్యాలెండరును వెంట గొనిపొండు.