క్షయవ్యాధి - స్వాభావిక రోగనిరోధకత

క్షయవ్యాధికి కారణమైన మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే సూక్ష్మజీవిని 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్నాడు. రోగి దగ్గినపుడు ఇది గాలి ద్వారా ఇతరుల ఊపిరితిత్తులలో ప్రవేశిస్తుంది. దీనిని మొదట ఎదుర్కొనేది పుట్టుకతో వచ్చే స్వాభావిక రోగనిరోధక వ్యవస్థ.

భక్షక కణాలు

ఊపిరితిత్తుల వాయుగోణులలో మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు ఉంటాయి. ఇవి టీఎల్ఆర్-2 వంటి గ్రాహకాలతో సూక్ష్మజీవిని గుర్తించి మింగుతాయి. మింగిన సూక్ష్మజీవి ఉన్న తిత్తి లైసోసోమ్‌తో కలిసినపుడు, అందులోని ఆమ్లం, ఎంజైములు సూక్ష్మజీవిని నాశనం చేస్తాయి. అయితే క్షయ సూక్ష్మజీవి ఈ కలయికను అడ్డుకొని, తనను చంపవలసిన కణంలోనే వృద్ధి చెందగలదు.

హైదరాబాదులో పరిశోధన

సూక్ష్మజీవి గ్రాహకాన్ని కూడా తనకు అనుకూలంగా మార్చుకుంటుంది. దీని పీపీఈ18 అనే ప్రోటీను టీఎల్ఆర్-2కు అతుక్కొని, ఇంటర్‌ల్యూకిన్-10 ఉత్పత్తిని పెంచుతుందని హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించారు. ఇంటర్‌ల్యూకిన్-10 భక్షక కణాల దాడిని తగ్గిస్తుంది.

ఫలితం

కొన్ని వారాల తరువాత టీ-కణాలు వచ్చి భక్షక కణాలకు బలమిస్తాయి. ఈ కణాలన్నీ సూక్ష్మజీవుల చుట్టూ గ్రాన్యులోమా అనే గడ్డగా ఏర్పడి వాటిని బంధిస్తాయి. అందువలన సూక్ష్మజీవి సోకినవారిలో సుమారు 5 నుండి 10 శాతం మందికే జీవితకాలంలో వ్యాధి వస్తుంది. పోషకాహార లోపం, మధుమేహం, హెచ్ఐవీ ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ.