సీలంపూర్ దారిలో ఆగిన కంప్యూటర్

దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్‌లో పొద్దు వాలే వేళకు కాలు మోపడానికి చోటు దొరకదు. మెట్ల మీద, గోడల వారన గుడ్డ పరచి కూర్చున్న చిల్లర వ్యాపారులు; తలెత్తి చూస్తే అంతస్తు అంతస్తుకూ కంప్యూటరు దుకాణాలు. కొత్త యంత్రం కొనదలచినవారూ ఇక్కడికే వస్తారు, పాతదానికి వైద్యం చేయించదలచినవారూ ఇక్కడికే వస్తారు. వైద్యం ఫలించని యంత్రానికి మాత్రం వేరే ప్రయాణం రాసిపెట్టి ఉంటుంది. కబాడీవాలా త్రాసు ఎక్కి, నాలుగైదు చేతులు మారి, చివరకు అది యమున దాటి ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ చేరుతుంది.

2002 డిసెంబరులో ఢిల్లీ మెట్రో తొలి రైలు నడిచిన మార్గంలో సీలంపూర్ ఒక స్టేషను. ఆ పరిసరాలలోని ఇరుకు సందులలో పాత కంప్యూటర్లు, టెలివిజన్లు, ఫోనులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని సుత్తితోనూ స్క్రూడ్రైవరుతోనూ విప్పడమే అక్కడ ఎన్నో కుటుంబాల జీవనాధారం. తీగలలోని రాగికోసం పైతొడుగును కాలుస్తారు. సర్క్యూటు బోర్డులను వేడిచేసి చిప్పులు ఊడదీస్తారు. మిగిలినదానిని ఆమ్లంలో ముంచి లోహం రాబడతారు. ఈ ఆమ్లపు పని చాలావరకు లోనీ వంటి శివారు ప్రాంతాలకు తరలిపోయింది. సీసం, కాడ్మియం వంటి విషాలు పొగలో కొంత, మురుగునీటిలో కొంత కలుస్తాయి. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే సంస్థ కంప్యూటరు వ్యర్థాల గురించిన ఈ సంగతులను 2003లోనే నివేదికగా వెలువరించింది.

పోనీ, అక్కడికి చేరే యంత్రాలన్నీ నిజంగా పనికిమాలినవేనా? ఇక్కడే అసలు చిక్కు ఉన్నది.

2015లో వెలువడిన విండోస్ 10కు ఉచితంగా భద్రతా సవరణలు పంపడాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించింది. ఇళ్లలో వాడుకునేవారికి కొన్ని షరతులపై మరొక్క సంవత్సరం గడువు ఇచ్చింది. దాని తరువాతిదైన విండోస్ 11 ఉన్నది కదా అంటే, అది టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు లేని యంత్రాలను, సుమారు 2018కి ముందు తయారైన ప్రాసెసర్లను అధికారికంగా అంగీకరించదు. ఈ కారణంగా ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్ప చేరవచ్చునని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 డిసెంబరులో అంచనా వేసింది. ఆ యంత్రాలకు జబ్బు ఏమీ చేయలేదు. కీబోర్డు పలుకుతుంది, తెర వెలుగుతుంది. వాటిని నడిపే సాఫ్ట్‌వేరుకు గడువు తీరింది, అంతే.

ఒక యంత్రాన్ని పారవేసేటప్పుడు దానితోపాటు ఏమి పారవేస్తున్నామో చాలామందికి తెలియదు. ఆనాటి ఒక కంప్యూటరును 17 అంగుళాల గాజు మానిటరుతో సహా తయారుచేయడానికి 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చయ్యేవని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2004లో లెక్క కట్టింది. బల్లమీద ఇమిడే వస్తువు కోసం ఒక పెద్ద కారు బరువంత సామగ్రి అన్నమాట. ఆ లెక్క నేటి ల్యాప్‌టాప్‌కు యథాతథంగా వర్తించదు. కాని వాడకంలో కన్నా తయారీలోనే ఎంత భారం దాగి ఉన్నదో అది తెలియజెప్పింది.

ఇటువంటి యంత్రాన్ని సీలంపూర్ దారినుండి వెనక్కు మళ్లించే ఉపాయాలలో చవకైనది ఒకటున్నది: దానిలోకి లినక్స్ ఎక్కించడం.

లినక్స్ కథ 1991 ఆగస్టులో మొదలయింది. హెల్సింకీ నగరంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థి, తన 386 కంప్యూటరు కోసం సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం వ్రాసుకుంటున్నానని, అదేమీ పెద్దది కాబోదని తోటి ఔత్సాహికులకు తెలియజేశాడు. మరుసటి సంవత్సరం దానిని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు అనే ఒడంబడిక క్రింద విడుదల చేశాడు. ఆ ఒడంబడికను రూపొందించినది అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన 1983లోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి నాంది పలికి ఉన్నాడు. పెద్దది కాబోదన్న ఆ సరదా పని ఎంత పెరిగిందంటే, 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని అత్యంత శక్తివంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదనే నడుస్తున్నాయి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు గుండెకాయ కూడా అదే.

ఢిల్లీకి లినక్స్ కొత్త అతిథి కాదు. ఇంటర్నెట్ నత్తనడక నడిచిన 1990ల ద్వితీయార్ధంలో ఢిల్లీ ప్రాంతపు సైబర్ మీడియా సంస్థ ప్రచురించిన ‘పీసీక్వెస్ట్’ పత్రిక, తన సంచికతోపాటు లినక్స్ సీడీని పాఠకులకు అందించింది. ఆ ప్రయత్నానికి సారథి, 2013లో కన్నుమూసిన అతుల్ చిట్నీస్. ఆ రోజులలో నెహ్రూ ప్లేస్ పేవ్‌మెంట్ల మీద దొంగ విండోస్ సీడీలు బహిరంగంగానే దొరికేవి. నకిలీ సరుకుల బజార్ల గురించి అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించిన జాబితాలోకి ఈ బజారు పేరు ఎక్కింది కూడా. ఒకే నగరంలో ఒక సీడీని దొంగచాటుగా నకలు తీసి అమ్ముతూ ఉంటే, మరొక సీడీ ‘నన్ను నకలు తీసి పదిమందికీ పంచండి’ అని వచ్చింది. అయినా జనం మొదటిదానికే మొగ్గు చూపారు. దానికి కారణం లేకపోలేదు.

ఆనాడు లినక్స్ ఎక్కించడం సాహసకృత్యమే. డిస్కును ఎన్ని భాగాలు చేయాలో చేతితో లెక్క వేసుకోవాలి. మానిటరు ఏ పౌనఃపున్యం తట్టుకోగలదో చెప్పాలి. తప్పు చెబితే తెర పాడయ్యే ప్రమాదం ఉందని పుస్తకాలే హెచ్చరించేవి. అంతా సరిగా చేసినా మోడెం పలకకపోతే ఆ రాత్రికి నిద్ర లేనట్లే.

నేటి పద్ధతి ఎంత మారిపోయిందంటే, ముందు చూచి, నచ్చితేనే ఉంచుకోవచ్చు. లినక్స్ మింట్, ఉబుంటు, డెబియన్ వంటి అనేక రూపాలలో ఒకదానిని ఎంచుకొని, ఆ ఫైలును ఇంటర్నెట్ నుండి దింపుకొని, దానికై ఉద్దేశించిన ఒక చిన్న ప్రోగ్రాముతో 8 జీబీ పెన్ డ్రైవులోకి వ్రాయాలి. మామూలుగా కాపీ చేస్తే పనికిరాదు. కంప్యూటరు తెరవగానే ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ వంటి మీటలలో ఆ తయారీదారు నిర్ణయించినదానిని నొక్కి, పెన్ డ్రైవు నుండి మొదలుపెట్టమనాలి. మింట్, ఉబుంటులలో లోపలి డిస్కును ముట్టుకోకుండానే పూర్తి వ్యవస్థ తెరమీదికి వస్తుంది. ధ్వని వినిపిస్తున్నదా, వైఫై అందుకుంటున్నదా, ప్రింటరును గుర్తుపట్టిందా అన్నవి తీరికగా పరీక్షించుకోవచ్చు. తృప్తి కలిగిన తరువాతనే ‘ఇన్‌స్టాల్’ అన్న గుర్తును నొక్కాలి.

ఆ తరువాత అడిగే ప్రశ్నలు కొద్దిపాటివే. భాష ఏది? డెబియన్ జాబితాలో తెలుగు కూడా ఉన్నది. కాలమానం ఏది? ఢిల్లీవారు ‘ఢిల్లీ’ కోసం ఎంత వెదికినా కనబడదు; భారతదేశం మొత్తానికీ ‘కోల్‌కతా’ అనే పేరే ఉంచారు. చివరగా అసలైన ప్రశ్న వస్తుంది: డిస్కును తుడిచివేయమంటారా, పాత విండోస్ ప్రక్కనే చోటు చేయమంటారా? ఒక్క తప్పు నొక్కుతో పదేళ్ల ఫొటోలు మాయం కాగలవు. అందుకే ముఖ్యమైన వాటికి వేరొక డిస్కులో నకలు తీసుకోకుండా ఈ మెట్టు ఎక్కరాదు. సరిగా సమాధానం చెబితే అరగంటలో పని ముగుస్తుంది.

నెమ్మదించిన యంత్రానికి ఇంకొక ఉపచారం కూడా ఉన్నది. తిరిగే హార్డ్ డిస్కును తీసి ఎస్.ఎస్.డి. అమర్చితే, అదే కంప్యూటరా అని ఆశ్చర్యం కలుగుతుంది. మదర్‌బోర్డు మీది నాణెం వంటి బ్యాటరీని కూడా ఒకసారి చూడాలి. అది చచ్చిపోతే కంప్యూటరు ఎప్పటిదో తేదీ చూపుతుంది. తేదీ తప్పితే బ్యాంకుల వెబ్‌సైట్లు తలుపు తీయవు. ఇంత చిన్న బ్యాటరీని మార్చక, యంత్రమే చెడిపోయిందని కబాడీవాలాకు అప్పగించినవారు లేకపోలేదు.

లినక్స్ అందరికీ సరిపడుతుందని చెప్పడం మాత్రం సరికాదు. మన చిన్న వ్యాపారులు లెక్కలు వ్రాసుకునే ట్యాలీ విండోస్ కోసం తయారైనది. పన్నుల పత్రాలపై సంతకానికి వాడే డిజిటల్ టోకెన్లు లినక్స్‌లో తరచు పేచీ పెడతాయి. కొన్ని వైఫై చిప్పులకు విడిగా డ్రైవరు వెదకాలి. మరీ పాతవైన 32 బిట్ల యంత్రాలకు లినక్స్‌లోనూ ఆదరణ తగ్గుతున్నది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 వాటికోసం ఇన్‌స్టాలరును ఇవ్వడం మానివేసింది. ఉత్తరాలు వ్రాసుకునేవారికి, పాఠాలు వినే పిల్లలకు, సినిమాలు, వార్తలు చూచే పెద్దలకు మాత్రం ఇవేవీ అడ్డంకులు కావు. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏనాటినుండో కంప్యూటరు నేర్చుకుంటున్నది లినక్స్ మీదనే.

ఢిల్లీలో లినక్స్ ఎక్కిన కంప్యూటర్లన్నీ పాతవి, పేదవి అనుకోవడం కూడా పొరపాటే. అప్పట్లో రైసినా కొండమీది సౌత్ బ్లాకులో ఉన్న రక్షణ మంత్రిత్వశాఖ, ఇంటర్నెట్‌కు కలిపిన తన కంప్యూటర్లలో విండోస్ స్థానే ‘మాయా’ అనే వ్యవస్థను ప్రవేశపెట్టనున్నట్లు 2023 ఆగస్టులో వార్తలు వెలువడ్డాయి. అది ఉబుంటు ఆధారంగా మన ప్రభుత్వ సంస్థలు తీర్చిదిద్దినది. అక్కడి లక్ష్యం పొదుపు కాదు, సైబర్ దాడుల నుండి రక్షణ. యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో తెరచి చూడగల వీలు ఉండటమే అక్కడివారిని ఆకర్షించింది.

ఇంటి కంప్యూటరు విషయానికి వస్తే, లినక్స్ దానికి ఇచ్చేది మరి నాలుగైదు సంవత్సరాల ఆయుష్షు మాత్రమే. ప్రపంచంలో 2022లో పుట్టిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులని, వాటిలో నాలుగవ వంతైనా క్రమపద్ధతిలో శుద్ధికి చేరలేదని ఐక్యరాజ్యసమితి నివేదిక తెలిపింది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలు ఈ బాధ్యతను తయారీదారుల మీద మోపాయి. నమోదైన శుద్ధి కేంద్రాలూ ఉన్నాయి. కాని కబాడీవాలా గుమ్మంలోకి వచ్చి, తూచి, డబ్బు చేతిలో పెడతాడు కనుక ఎక్కువమంది అతనినే పిలుస్తారు. పిలిచేముందు హార్డ్ డిస్కును విప్పి ఇంట్లోనే ఉంచుకోవడం మంచిది. లేనిపక్షంలో ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు, పిల్లల ఫొటోలు కూడా ఆ యంత్రంతోపాటే యమున దాటుతాయి.