వార్తల్లో పదం: ప్రమాదకర డ్రైవింగ్

నాగల్‌గిద్దలో నారాయణఖేడ్ బస్సెక్కిన ప్రయాణికుడికీ మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ అండగా ఉంటుంది. జనానికి ముప్పు తెచ్చేలా బండి నడపడమే దీని ప్రకారం నేరం. ప్రమాదం జరిగేదాకా ఆగక్కర్లేదు. 2019 సవరణతో చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం, ఎర్ర లైటు దాటడం కూడా ఇందులో చేరాయి. తొలిసారికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రూ.1,000 నుంచి 5,000 జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష.

అయితే డ్రైవరొక్కడినే బోనెక్కిస్తే చాలదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి, డ్రైవరుతో సహా 60 మందికి పైగా చనిపోయారు. జగిత్యాల డిపో మేనేజర్‌ను సస్పెండ్ చేశారు. రద్దీ రూటుకు రెండో బస్సు వేయనివారూ జవాబు చెప్పాల్సిందే.